పాత కార్వెట్‌కి రంగు వేయించాలంటే: ఫైబర్ బాడీ తెలిసిన పెయింటర్‌ని ఎలా పట్టుకోవాలి

అమెరికాలో స్థిరపడ్డ మనవాళ్లలో పాత షెవర్లే కార్వెట్ కొనుక్కునేవాళ్లు ఉన్నారు. ఎక్కువగా కనిపించేవి 1968 నుంచి 1982 దాకా వచ్చిన సి3లు (మూడో తరం), అదృష్టం ఉంటే 1963-67 నాటి సి2లు (రెండో తరం). ఇంజిన్ పనికి మనిషి దొరకడం తేలికే. చిక్కంతా రంగు దగ్గర వస్తుంది. ఇనుప కార్లకి అద్భుతంగా రంగు వేసే షాపు ఫైబర్ బాడీని పాడుచేసి పంపడం మామూలే. కారు ఇంటికొచ్చిన రోజు అద్దంలా ఉంటుంది. రెండు ఎండాకాలాలు గడిచేసరికి ఫెండర్ మీద అతుకుల గీతలు తేలతాయి, తలుపు మూలల్లో పగుళ్లు విచ్చుకుంటాయి, బానెట్ మీద సన్నటి బొబ్బలు లేస్తాయి. అప్పుడు చేయగలిగిందేమీ ఉండదు, మొత్తం గీకి మళ్లీ మొదలుపెట్టాల్సిందే.

కాబట్టి వెతకాల్సింది రంగు కింద ఏముందో తెలిసిన మనిషిని. అతన్ని గుర్తుపట్టాలంటే ముందు మీక్కూడా ఆ కింద ఏముందో కొంత తెలియాలి.

మొదటి అడుగు: మీ కారు ఒంటిని చదవండి

1953లో మిషిగన్ రాష్ట్రం ఫ్లింట్‌లో చేత్తో కట్టిన మొదటి 300 కార్వెట్‌ల నుంచి ఈ కారు ఒళ్లు ఫైబర్‌గ్లాసే. కానీ అన్ని ఏళ్ల ఫైబర్‌గ్లాసూ ఒకటి కాదు. సి2లు, తొలి సి3ల ప్యానెల్స్ గాజుపీచుని పాలియెస్టర్ రెజిన్‌తో కలిపి ఇనుప అచ్చుల మధ్య నొక్కి చేసినవి. 1970ల తొలి ఏళ్ల నుంచి ఎస్‌ఎంసీ వచ్చింది. గాజుపీచు, రెజిన్, పూరకాలు ముందే కలిపిన రేకుని వేడి అచ్చులో నొక్కి చేసే పదార్థం ఇది. మామూలు పాలియెస్టర్ రెజిన్ పాత ప్యానెల్‌కి బాగా పట్టుకుంటుంది, ఎస్‌ఎంసీకి సరిగా పట్టదు. దానికి ఎపాక్సీ గానీ, ఎస్‌ఎంసీ కోసమే తయారైన అంటుమందు గానీ వాడాలి. ఈ ఒక్క తేడా తెలియని మనిషి 1978 కారుకి చేసిన రిపేరు ఊడి వస్తుంది.

ఇంకో సంగతి చాలామంది పెయింటర్లకి కూడా తెలియదు. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కార్వెట్ ప్యానెల్ మీద జెల్‌కోట్, అంటే పీచు లేని నున్నటి రెజిన్ పైపొర, ఉండదు. పడవలకీ, బ్రిటన్‌లో తయారైన లోటస్ ఎలాన్ లాంటి కార్లకీ ఉంటుంది, ఎందుకంటే అవి తెరిచిన అచ్చులో చేత్తో పేర్చినవి. అచ్చుకి ముందు జెల్‌కోట్ కొట్టి, దాని వెనక పీచు పరుస్తారు. కార్వెట్ ప్యానెల్ రెండు వైపులా అచ్చు నొక్కినదే. అందుకే చక్రం గూటిలోకి చెయ్యి పెట్టి ఫెండర్ లోపలి వైపు తడిమి చూడండి. నున్నగా తగిలితే అసలు ప్యానెల్. గరుకుగా, పీచు పోగులు చేతికి గుచ్చుకునేలా ఉంటే ఎప్పుడో దెబ్బ తిని, బయట కొన్న చేతిపని ప్యానెల్ అతికించారని అర్థం. అలాంటి ప్యానెల్ మీద జెల్‌కోట్ ఉండొచ్చు, దాని పగుళ్ల తీరు వేరు, పని పద్ధతి వేరు. ఏ ప్యానెల్ ఏమిటో ఒక కాగితం మీద కారు బొమ్మ గీసి రాసుకోండి. షాపులో మాట్లాడేటప్పుడు ఈ కాగితం చాలా పని చేస్తుంది.

తర్వాత అతుకులు. సి3 ముందు ఫెండర్ల పైభాగంలో, వెనక క్వార్టర్ల (వెనక చక్రాల పైనుండే పక్క ప్యానెళ్ల) దగ్గర ప్యానెళ్లని వెనక నుంచి పట్టీ వేసి అంటుమందుతో కలిపారు. ప్యానెల్ ఒకటి, అంటుమందు ఒకటి కాబట్టి ఎండకి ఒకటి ఒకలా సాగుతుంది, ఇంకొకటి ఇంకోలా కుంచించుకుంటుంది. పొద్దున్నో సాయంత్రమో వాలు వెలుతురులో చూస్తే ఇప్పుడున్న రంగు మీదే గీత కనిపిస్తుంది. అది ఎక్కడెక్కడ ఉందో ఫొటోలు తీసి పెట్టుకోండి.

ఇక ఇనుము. ఫైబర్ తుప్పు పట్టదు గానీ దాని లోపల అద్దం చుట్టూ, తలుపుల చుట్టూ ఉండే ఉక్కు చట్రం పడుతుంది. కార్వెట్ వాళ్లు దాన్ని బర్డ్‌కేజ్ అంటారు. ముందు అద్దం కింది మూలల్లో, తలుపు కీళ్ల స్తంభం అడుగున తుప్పు చూడండి. చట్రం తినేసిన కారుకి రంగు వేయడం డబ్బు తగలేయడమే. ఫ్రేమ్‌కీ బాడీకీ మధ్య ఉండే మౌంట్ల కుషన్లు, షిమ్‌లు (ఎత్తు సరిచేసే పలచటి రేకులు) చూడడం కూడా ఇప్పుడే. రంగు పూర్తయ్యాక తలుపు సందు సరిచేద్దామని షిమ్ మారిస్తే బాడీ మెలిక తిరుగుతుంది, కొత్త రంగు తలుపు మూలలో చిట్లుతుంది. సందులు ముందు, రంగు తర్వాత. ఈ వరస తప్పకూడదు.

చివరగా రంగు కోడ్. 1963 నుంచి ప్రతి కారుకీ ట్రిమ్ ట్యాగ్ అనే చిన్న లోహపు పలక ఉంటుంది. సి2లో గ్లవ్ బాక్స్ కింద అడ్డబద్దకి, సి3లో డ్రైవర్ తలుపు కీళ్ల స్తంభానికి కొట్టి ఉంటుంది. దాని మీద 988 ఉంటే 1967 మార్ల్‌బరో మెరూన్, 976 ఉంటే 1968-69ల లె మాన్స్ బ్లూ. ఈ పలక ఫొటో తీసి దాచండి. రంగు గీకేటప్పుడు దాన్ని ఊడదీయకూడదనీ, దాని మీద రంగు కొట్టకూడదనీ ముందే చెప్పండి. అది పోతే కారు విలువలో కొంత దానితోనే పోతుంది.

రెండో అడుగు: మీకు ఏ రంగు కావాలో తేల్చుకోండి

1981 మధ్యలో ఫ్యాక్టరీ సెయింట్ లూయిస్ నుంచి కెంటకీలోని బౌలింగ్ గ్రీన్‌కి మారింది. సెయింట్ లూయిస్‌లో చివరిదాకా కొట్టింది లాకర్, అంటే సాల్వెంట్ ఆవిరైపోయి ఆరే పాతకాలపు రంగు. బౌలింగ్ గ్రీన్‌లో బేస్‌కోట్ (రంగు పొర), దాని మీద క్లియర్‌కోట్ (రంగులేని మెరుపు పొర) మొదలైంది. మీ కారు లాకర్ కారైతే మీ ముందు మూడు దారులున్నాయి.

1974లో మొదలైన నేషనల్ కార్వెట్ రిస్టోరర్స్ సొసైటీ, అంటే ఎన్‌సీఆర్‌ఎస్, జడ్జింగ్‌కి (కారు ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉందా అని మార్కులు వేసే పోటీకి) కారుని పెట్టాలనుకుంటే లాకర్ వైపు ఆలోచించాలి. లాకర్ కొట్టగలిగే మనుషులు ఇప్పుడు చాలా తక్కువ. కాలిఫోర్నియా లాంటి చోట్ల గాలి కాలుష్యం నిబంధనల వల్ల అసలు కొట్టడమే కష్టం. లాకర్ దళసరి అయితే కొన్నేళ్లకి తనంతట తనే పగులుతుంది కూడా. ఆదివారం పూట బయటికి తీసే కారైతే బేస్-క్లియర్ మంచిది, దెబ్బ తగిలినా సరిచేయడం సులువు. మెటాలిక్ కాని ముదురు రంగైతే టూ-కె సింగిల్ స్టేజ్ గురించి అడగండి. టూ-కె అంటే హార్డెనర్ కలిపి కొట్టే రంగు, సింగిల్ స్టేజ్ అంటే పైన క్లియర్ అక్కర్లేనిది. దాన్ని రుద్ది పాలిష్ చేస్తే పాత లాకర్ మెరుపుకి దగ్గరగా వస్తుంది, క్లియర్‌కోట్ లాగా ప్లాస్టిక్ తొడుగు వేసినట్టు కనిపించదు. సి2కి మాకు నచ్చేది ఇదే.

1973 నుంచి ముందరి బంపర్, 1974 నుంచి వెనక బంపర్ కూడా యురిథేన్ తొడుగులే. 1974 వెనక తొడుగు రెండు ముక్కలు, నడుమ అతుకు ఉంటుంది. ఇవి వంగుతాయి కాబట్టి వీటి మీద వేసే ప్రైమర్‌లోనూ రంగులోనూ ఫ్లెక్స్ మందు కలపాలి. వీటికి బాడీతో పాటే, ఒకేసారి కలిపిన రంగులోంచే వేయమనండి. వేరే వారం వేరే డబ్బాతో వేస్తే ఛాయ తేడా వస్తుంది.

మూడో అడుగు: ఎక్కడ వెతకాలి

ఇన్సూరెన్స్ కంపెనీ సిఫారసు చేసే కొలిజన్ షాపుల (యాక్సిడెంటు రిపేర్ల షాపుల) దగ్గరికి వెళ్లకండి. వాళ్ల లాభం అంతా వారానికి ఎన్ని కార్లు బయటికి పంపామన్న దాని మీద ఉంటుంది. నెలల తరబడి ఒక మూల నిలబడే కారు వాళ్లకి బరువు. ఈ పని మీద మనసు పెట్టరు, అది వాళ్ల తప్పు కూడా కాదు.

మీ రాష్ట్రంలో ఎన్‌సీఆర్‌ఎస్ చాప్టర్ సమావేశానికి వెళ్లండి. పెన్సిల్వేనియాలో ఆగస్టులో జరిగే కార్వెట్స్ ఎట్ కార్లైల్ లాంటి మేళాకి ఒక రోజు కేటాయించండి. మంచి రంగున్న కారు కనిపిస్తే యజమానిని రెండు ప్రశ్నలు అడగండి: ఎవరు వేశారు, ఎన్నేళ్లయింది. రెండో ప్రశ్నే ముఖ్యం. ఆరు నెలల నాటి రంగు ఏమీ చెప్పదు. మూడేళ్లు దాటి, మూడు ఎండాకాలాలు చూసిన కారు మీద అతుకులు తేలకపోతే ఆ పేరు రాసుకోండి. కార్వెట్ ఫ్రేమ్, సస్పెన్షన్ పనులే చేసే మెకానిక్‌లని కూడా అడగండి, ఎవరి దగ్గరికి పంపిన కార్లు తిరిగి ఏడుస్తూ వచ్చాయో వాళ్లకి తెలుసు.

ఇండియాలో ఉన్నవాళ్లకి ఒక మాట. బెంగళూరులో సిపానీ వాళ్లు రిలయంట్ కిట్టెన్ ఆధారంగా చేసిన డాల్ఫిన్ లాంటి ఫైబర్ బాడీ కారు మీ దగ్గర ఉంటే, టింకరింగ్ షాపుల కన్నా పడవలు, అచ్చులు చేసే ఫైబర్ పనివాళ్ల దగ్గర మొదలుపెట్టండి. పగుళ్లు, లోపలి పీచు పని వాళ్ల చేత చేయించి, పైరంగు మాత్రం మంచి బూత్ (దుమ్ము పడకుండా స్ప్రే చేసే మూసిన గది) ఉన్న పెయింటర్‌కి ఇవ్వడం నడిచే దారి.

నాలుగో అడుగు: ఫోన్‌లో అడగాల్సిన ప్రశ్నలు

నాలుగైదు పేర్లు చేతికొచ్చాక ఒక్కొక్కరికీ ఫోన్ చేయండి. ధర ముందు అడగకండి.

*పాత రంగు ఎలా తీస్తారు?* ఇదే అసలు పరీక్ష. "రేజర్ బ్లేడుతో" అనో, "ఫైబర్‌కి పనికొచ్చే స్ట్రిప్పర్‌తో (రంగు ఊడదీసే మందుతో), అతుకుల దగ్గర మాత్రం చేత్తో" అనో జవాబు వస్తే మాట కొనసాగించండి. "ఇసుక బ్లాస్టింగ్ చేయిస్తాం" అంటే ధన్యవాదాలు చెప్పి పెట్టేయండి. "పాత రంగు గట్టిగానే ఉంది, దాని మీదే గరుకు చేసి కొడతాం" అన్నా అంతే. పాత లాకర్ మీద టూ-కె రంగు పడితే దాని సాల్వెంట్ కింది లాకర్‌ని ఉబ్బిస్తుంది, లాకర్ పగుళ్లన్నీ పైకి వస్తాయి.

*నా కారు 1976ది, ఫెండర్ చీలింది, దేనితో అతికిస్తారు?* ఎస్‌ఎంసీ మాట అతని నోట రావాలి. మీరు అందించకండి.

*రంగు మందం ఎలా కొలుస్తారు?* మామూలు మ్యాగ్నెటిక్ గేజి ఇనుము మీదే పని చేస్తుంది, ఫైబర్ మీద ఏమీ చూపించదు. అల్ట్రాసోనిక్ గేజి కావాలి. అది లేకపోయినా పర్వాలేదు, మ్యాగ్నెట్ గేజితో కొలుస్తానన్నవాడికి మాత్రం ఫైబర్ కారు అలవాటు లేదు.

*ప్రైమర్‌కీ రంగుకీ మధ్య ఎన్నాళ్లు ఆపుతారు?* "మర్నాడే" అనే జవాబు వద్దు.

*కారు మీద చెయ్యి ఎవరిది?* ఫోన్‌లో మాట్లాడే యజమాని ఒకరు, బ్లాక్ (పేపర్ చుట్టిన చదునైన దిమ్మ) పట్టుకుని రుద్దేవాళ్లు మరొకరు కావచ్చు. ఆ రెండో మనిషి ఎన్నాళ్లుగా అక్కడ ఉన్నాడో అడగండి.

మంచివాళ్ల దగ్గర ఏడాది దాకా క్యూ ఉండొచ్చు. వచ్చే సోమవారమే తెచ్చేయమంటే కారణం ఏమిటో కనుక్కోండి.

ఐదో అడుగు: షాపుకి వెళ్లి చూడండి

చెప్పి వెళ్లండి, మధ్యాహ్నం పూట వెళ్లండి. పూర్తయిన కారు కన్నా సగంలో ఉన్న కారు ఎక్కువ చెబుతుంది. గీకి వదిలిన ప్యానెల్ మీద పీచు పోగులు లేచి కనిపిస్తున్నాయా? అయితే 36 నంబరు లాంటి మొరటు పేపర్‌తో లాగేశారు. పైన ఉండాల్సిన రెజిన్ పొర పోయింది, ఆ పోగులు రంగులోంచి తర్వాత తొంగిచూస్తాయి. లప్పం ఎంత మందంగా పెట్టారో చూడండి. ప్యానెల్ అంతా లప్పం రంగే కనబడితే వెనక్కి తిరగండి.

విప్పిన భాగాలు సంచుల్లో, చీటీలు రాసి ఉన్నాయా? రంగు వేసే బూత్ ఫిల్టర్లు నల్లబడి ఉన్నాయా? అమెరికాలో క్రోమియం, సీసం లాంటి లోహాలున్న రంగులు స్ప్రే చేసే షాపులకి ఈపీఏ (పర్యావరణ పరిరక్షణ సంస్థ) 6హెచ్ నిబంధన వర్తిస్తుంది. పెయింటర్‌కి శిక్షణ ఉండాలి, బూత్ ఫిల్టర్ తుంపరలో 98 శాతం పట్టాలి. టూ-కె రంగుల్లో ఐసోసయనేట్లు ఉంటాయి, ఊపిరితిత్తులకి చాలా చెడు చేస్తాయి. బయటి గాలి గొట్టం ఉన్న మాస్కు వేసుకోకుండా స్ప్రే చేస్తున్న మనిషి కనిపిస్తే, తన ప్రాణం మీదే జాగ్రత్త లేని షాపు మీ కారు మీద పెడుతుందనుకోకండి.

పూర్తయిన కారుని ట్యూబ్‌లైటు ప్రతిబింబంలో చూడండి. ఫెండర్ ఒక కొస దగ్గర కూర్చుని, కన్ను రేకు ఎత్తుకి తెచ్చి చూస్తే లైటు గీత వంకర తిరగకుండా ఈ చివర నుంచి ఆ చివరికి పాకాలి. అది వణికితే బ్లాకింగ్, అంటే బ్లాకుతో చదునుగా రుద్దడం, సరిగా కాలేదు.

ఆరో అడుగు: పని ఏ వరసలో జరగాలో మీకు తెలిసి ఉండాలి

ఇక్కడ ఓపిక పట్టి చదవండి. షాపు మీకిచ్చే అంచనా కాగితాన్ని దీనితో పోల్చుకోవాలి.

రంగు తీయడం. పాత లాకర్‌కి అన్నిటికన్నా మంచి పనిముట్టు ఒకవైపు పదునున్న రేజర్ బ్లేడు. రెండు మూలల్నీ ఆకురాయి మీద కొంచెం గుండ్రం చేస్తారు, లేకపోతే మూల గుచ్చుకుని ప్యానెల్‌లో గాడి పడుతుంది. బ్లేడుని వాలుగా పట్టి ముందుకి తోస్తే లాకర్ పెళ్లలుగా లేస్తుంది, అడుగున పాత ప్రైమర్ పలచగా మిగులుతుంది. పదును తగ్గగానే బ్లేడు మారుస్తారు. ఒక కారుకి వంద బ్లేడ్ల పెట్టె అయిపోవడం వింత కాదు. మిగిలిన ప్రైమర్‌ని 150-180 నంబరు పేపర్‌తో, పొడిగా, మెత్తగా తీస్తారు. స్ట్రిప్పర్ వాడితే చిన్న చిన్న భాగాలుగా, కొద్ది నిమిషాలే ఉంచి కడిగేయాలి. మెథిలీన్ క్లోరైడ్ ఉన్న పాత రకం స్ట్రిప్పర్ పాలియెస్టర్ రెజిన్‌నే ఉబ్బిస్తుంది, అతుకుల్లోకి దిగి కూర్చుంటుంది, నెలల తర్వాత కొత్త రంగు కింద బొబ్బగా లేస్తుంది. అమెరికాలో 2019 నుంచి ఆ రకం పెయింట్ రిమూవర్ సామాన్యులకి అమ్మకూడదు. సోడా బ్లాస్టింగ్ జాగ్రత్తగా చేస్తే నడుస్తుంది. కానీ సోడా పొడి సందుల్లో మిగిలితే దాని మీద రంగు పట్టదు. అందుకని కడిగి, దాని క్షారాన్ని విరిచి, పూర్తిగా ఆరబెట్టే తీరిక షాపుకి ఉండాలి.

నగ్నంగా ఉన్న ఫైబర్ మీద తడి పేపర్ పని చేయకూడదు. సీల్ కాని ఫైబర్ నీళ్లు పీలుస్తుంది. ఆ తేమ తర్వాత ఎండకి ఆవిరై రంగుని పైకి నెడుతుంది. ప్రైమర్ పడేదాకా అంతా పొడి పనే.

ఆరనివ్వడం. గీకిన బాడీని వెంటనే ప్రైమర్ కింద మూసేయకూడదు. కొన్ని రోజులు వెచ్చటి చోట నిలబెడితే ఇన్నేళ్లుగా లోపల ఇరుక్కున్న సాల్వెంట్, తేమ బయటికి పోతాయి.

పగుళ్లు. సాలెగూడు లాంటి సన్నటి పగుళ్లు హెడ్‌లైట్ల చుట్టూ, తలుపు మూలల్లో, బానెట్ కీళ్ల దగ్గర, వెనక లగేజి క్యారియర్ రంధ్రాల దగ్గర వస్తాయి. దాని మీద లప్పం పూస్తే ఒక్క చలికాలంలో మళ్లీ తేలుతుంది. పగులు అడుగుదాకా వాలుగా గ్రైండ్ చేయాలి. వాలు ప్యానెల్ మందానికి 12 రెట్లు. కార్వెట్ ప్యానెల్ సుమారు రెండున్నర మిల్లీమీటర్లు, అంటే పగులుకి రెండు వైపులా సుమారు 30 మిల్లీమీటర్లు. చెయ్యి దూరితే వెనక నుంచి కూడా ఒక పొర వేయాలి. పాత ప్యానెల్‌కి పాలియెస్టర్ రెజిన్, అందులో హార్డెనర్ 1 నుంచి 2 శాతం. అంతకన్నా ఎక్కువ పోస్తే త్వరగా గట్టిపడుతుంది గానీ పెళుసవుతుంది. ఎపాక్సీ వాడితే కోసిన పీచు చాపకి బదులు నేసిన గుడ్డ వాడాలి. చాపలో పీచుని పట్టి ఉంచే జిగురు సాధారణంగా పాలియెస్టర్‌లో ఉండే స్టైరిన్‌లోనే కరుగుతుంది, ఎపాక్సీలో కరగదు, రెజిన్ లోపలిదాకా పట్టదు. షాపులో ఉన్న ఫైబర్ మనిషికి ఈ సంగతి తెలుసో లేదో మాటల్లో కనిపెట్టండి.

పగులు ఎందుకు వచ్చిందో కూడా చూడాలి. తలుపు మూల పగిలిందంటే బాడీ మౌంట్ నలిగి ఉండొచ్చు. కారణాన్ని వదిలేసి పగులుని మాత్రమే అతికిస్తే పక్కన ఇంకోటి వస్తుంది.

ప్రైమర్. బాగు చేసిన బాడీకి ముందు టూ-కె ఎపాక్సీ ప్రైమర్ రెండు కోట్లు, సీలింగ్ కోసం. దాని మీద దళసరిగా పేరే హై-బిల్డ్ ప్రైమర్ రెండు మూడు కోట్లు, దాని మీద పలచగా గైడ్ కోటు. గైడ్ కోటు అంటే వేరే రంగు పొడి తుంపర. పొడవాటి బ్లాకుకి 180 పేపర్ చుట్టి రుద్దుతుంటే ఎత్తు ఉన్న చోట గైడ్ కోటు పోతుంది, పల్లం ఉన్న చోట మిగులుతుంది. మిగిలిన మచ్చ దగ్గర ఇంకో కోటు, మళ్లీ బ్లాకు. 320కి, తర్వాత మామూలు రంగైతే 400-500కి, మెటాలిక్ అయితే 600కి దిగుతారు. ఈ ఆవృత్తి రెండుసార్లు, మూడుసార్లు జరగాలి. నడుమ రెండు మూడు వారాలు ఆపితే ప్రైమర్, అతుకుల దగ్గర నింపినవీ కుంచించుకునేంత కుంచించుకుంటాయి, అప్పుడు చివరి బ్లాకింగ్‌లో ఆ గీత పోతుంది. ఆపకుండా రంగు వేస్తే ఆ కుంచించుకోవడం రంగు కిందే జరుగుతుంది. ఫెండర్ మీద తేలే గీతల్లో చాలావాటికి కారణం ఈ తొందరే.

ఓవెన్ వేడి. ఇనుప కారుని వేడి చేసే అలవాటుతో ఫైబర్ కారుని కాల్చకూడదు. ప్యానెల్ వేడి 60 డిగ్రీల సెల్సియస్ దాటితే లోపల మిగిలిన గాలి, సాల్వెంట్ సూదిబెజ్జాలుగా పైకి వస్తాయి, అతుకులు కదులుతాయి. వెచ్చటి బూత్‌లో నెమ్మదిగా ఆరనివ్వడమే మేలు.

దుమ్ము. ఫైబర్ బాడీకి విద్యుత్తు పారదు, గుడ్డతో తుడిచిన ప్రతిసారీ స్థిర విద్యుత్తు చేరి దుమ్ముని లాగుతుంది. స్ప్రేకి ముందు స్థిర విద్యుత్తుని పోగొట్టే యాంటీ-స్టాటిక్ గుడ్డతో తుడవడం, ఫ్రేమ్‌ని ఎర్త్ చేయడం తెలిసిన షాపుల అలవాటు. రంగు, క్లియర్ ఒక్కోటి ఒక గ్యాలన్ దాకా పడతాయి. మొత్తం రంగు ఒకేసారి కలిపి, మిగిలిన అరలీటరు మూత బిగించి మీకు ఇమ్మనండి.

ఏడో అడుగు: డబ్బు, కాగితం

ఈ పనిలో డబ్బంతా గంటలదే, రంగుది కాదు. ఉదాహరణకి 200 గంటల పని, గంటకి 100 డాలర్లు అనుకుంటే కూలే 20,000 డాలర్లు. సామాను వేరే. ఎవరైనా ఇందులో నాలుగో వంతుకే మొత్తం చేస్తానంటే, ఏ అడుగులు వదిలేస్తున్నాడో పైన చదివినదాన్ని బట్టి మీకే తెలిసిపోతుంది.

పాత కారుకి గీకకముందే ఖాయం ధర చెప్పమంటే నిజాయితీ ఉన్న మనిషి చెప్పలేడు. రంగు కింద పాత దెబ్బ ఎంతుందో అతనికీ తెలియదు కదా. మంచి పద్ధతి ఇది: గీకడం వరకు ఒక ధర, గీకాక ఇద్దరూ కలిసి బాడీ చూసుకుని మిగిలిన పనికి రెండో అంచనా. అడ్వాన్సు పదో వంతు నుంచి నాలుగో వంతు దాకా చాలు. తర్వాత గీకడం, రిపేరు, చివరి ప్రైమర్, రంగు అన్న నాలుగు మజిలీల దగ్గర చూసి చెల్లించండి. మొత్తం ముందే కట్టిన కారు మూలన పడుతుంది.

కాగితం మీద ఉండాల్సినవి: వాడే ప్రైమర్, రంగు, క్లియర్ల కంపెనీ, పేరు, ఒకే కంపెనీ వరసలోనివేనా అన్నది, కోట్ల సంఖ్య, విప్పేవి ఏవి, టేపు వేసి వదిలేసేవి ఏవి, తలుపు లోపలి అంచులు, బానెట్ అడుగు రంగు ఉందా లేదా, అదనపు పనికి మీ రాతపూర్వక ఒప్పుదల, వారం వారం ఫొటోలు, వారంటీ ఎన్నేళ్లు, అందులో అతుకు గీతలు వస్తాయా రావా. ఈ చివరి మాట మీద చాలా షాపులు వెనక్కి తగ్గుతాయి. తగ్గితే ఎందుకో వివరంగా చెప్పనివ్వండి. ఎండలో నల్ల కారు మీద ఎంతో కొంత గీత తేలడం సహజమని చెప్పే మనిషి, జన్మలో రాదని హామీ ఇచ్చే మనిషి కన్నా నమ్మదగినవాడు.

మీ ఇన్సూరెన్స్ అంగీకృత విలువ పాలసీ (కారు విలువ ముందే ఒప్పుకుని రాసిన పాలసీ) అయితే కారు నెలల తరబడి షాపులో ఉంటుందని కంపెనీకి చెప్పండి. షాపుకి గ్యారేజ్‌కీపర్స్ ఇన్సూరెన్స్ (షాపులో ఉన్న కస్టమర్ల కార్లకి రక్షణ) ఉందో లేదో కాగితం చూడండి. బిల్లు తగాదా పడితే చాలా రాష్ట్రాల్లో షాపుకి కారుని ఆపుకునే హక్కు ఉంటుంది, అందుకే ప్రతి అదనపు ఖర్చూ రాతలో ఉండడం మీకే రక్ష.

ఎనిమిదో అడుగు: అప్పగించడం, నడుమ వెళ్లడం, తీసుకోవడం

క్రోమ్ పట్టీలు, బ్యాడ్జీలు, దీపాల చుట్లు వీలైనంతవరకు మీరే విప్పి ఇంట్లో పెట్టుకోండి. పాత కార్వెట్ బ్యాడ్జీ పోతే అసలుది మళ్లీ దొరకడం కష్టం. కారు నలువైపులా, లోపల, అడుగున ఫొటోలు తీసి తేదీతో పంపండి.

నడుమ తప్పకుండా రెండుసార్లు వెళ్లండి: మొత్తం గీకిన రోజు ఒకసారి, చివరి బ్లాకింగ్ అయ్యాక ఒకసారి. మొదటిసారి మీ కారు బొమ్మ కాగితం తీసుకెళ్లి, ఏ ప్యానెల్ అసలుది, ఏది మార్చినది అన్న లెక్క సరిచూసుకోండి. రెండోసారి అరచెయ్యి చాపి అతుకుల మీదుగా నెమ్మదిగా జరపండి. పలచటి నూలు చేతితొడుగు వేసుకుంటే ఇంకా బాగా తెలుస్తుంది. కంటికి కనపడని ఎత్తు చేతికి తగులుతుంది. ఏదైనా తగిలితే అక్కడే పెన్సిల్‌తో గుర్తు పెట్టి చెప్పండి. ఈ దశలో చెప్తే గంట పని, రంగు పడ్డాక చెప్తే నెల పని.

తీసుకునే రోజు కారుని బయటికి, ఎండలోకి తెప్పించండి. బూత్ లైట్ల కింద ఒప్పుకోకండి. తలుపులు నాలుగైదుసార్లు తెరిచి మూయండి, సందులు సమానంగా ఉన్నాయో చూడండి, బంపర్ల ఛాయ బాడీతో కలిసిందో చూడండి. ట్రిమ్ ట్యాగ్ శుభ్రంగా ఉందో చూడండి. రంగు ఫార్ములా, మిగిలిన రంగు, అన్ని దశల ఫొటోలు చేతికి తీసుకున్నాకే చివరి చెల్లింపు.

ఇంటికొచ్చాక మొదటి రెండు మూడు నెలలు మైనం పెట్టకండి, బిగుతుగా కవరు కప్పకండి. టూ-కె రంగు పైకి గట్టిపడినట్టున్నా లోపలి సాల్వెంట్ ఇంకా బయటికి పోతూ ఉంటుంది. నీళ్లతో మెల్లగా కడిగి మెత్తటి గుడ్డతో అద్దండి. ఆరో నెలలో ఒక మండుటెండ రోజు మధ్యాహ్నం అతుకుల దగ్గర ఫొటోలు తీసి, తొలి ఫొటోల పక్కన పెట్టి చూడండి. తేడా కనిపిస్తే వారంటీ నడుస్తుండగానే షాపుకి పంపండి.